స్టోరేజీ స్విచ్ అప్‌లింకుల మీద సెషన్లు ఎలా పంచాలి: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

సర్వర్ల పక్కనుండే ఎడ్జ్ స్విచ్ కింద 12 సర్వర్లు, పైన స్టోరేజీ వైపుండే కోర్ స్విచ్‌కి 4 అప్‌లింకులు, అంటే పైకి వెళ్లే లింకులు. ఏ సర్వర్ ఏ లింకు మీదుగా చేరిందో చూపే లాగిన్ పట్టిక తెరిస్తే లింకుకు మూడు సర్వర్ల చొప్పున పొందిగ్గా పంచి ఉంటాయి. అయినా నెలాఖరు బ్యాచ్ జాబులు మొదలయ్యేసరికి ఒక లింకుకి ఊపిరాడదు, దాని పక్క లింకు ఖాళీగా ఉంటుంది. స్టోరేజీ వాళ్లు నెట్‌వర్క్ అంటారు, నెట్‌వర్క్ వాళ్లు డేటాబేస్ అంటారు. నిజానికి ఎవరి పరికరమూ చెడిపోలేదు. స్విచ్ తనకు తెలిసిన లెక్క ప్రకారమే పంచింది. దానికి తెలిసిన లెక్క తలలు లెక్కపెట్టడమే, ఎవరు ఎంత తింటారో దానికి తెలియదు.

ఈ పంపకానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి: లాగిన్ సమయంలో స్విచ్ తనంతట తానే పంచడం, మనం చేత్తో కట్టేయడం, లింకు లేచినప్పుడల్లా బలవంతంగా సర్దించడం, లింకులన్నిటినీ ఒకే కట్టగా కట్టడం. నా మొగ్గు నాలుగోదాని వైపే, ముందే చెప్పేస్తున్నాను. కానీ అది కుదరని చోట్లు, కుదిరినా వద్దనుకోవాల్సిన చోట్లు ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

ముందు సెషన్, అంటే సర్వర్ లాగిన్, ఒక లింకుకే ఎందుకు అతుక్కుంటుందో చూద్దాం

సర్వర్లను స్టోరేజీతో కలిపే నెట్‌వర్క్ అయిన ఫైబర్ ఛానల్‌లో ఎడ్జ్ స్విచ్ మామూలు స్విచ్‌లా పనిచేస్తే దానికో డొమైన్ ఐడీ, అంటే స్విచ్ గుర్తింపు సంఖ్య, కావాలి. ఒక ఫ్యాబ్రిక్‌లో, అంటే ఒకదానితో ఒకటి కలిసిన స్విచ్‌ల నెట్‌వర్క్‌లో, అలాంటివి 239కి మించవు. ఆచరణలో అంతకన్నా చాలా ముందే నిర్వహణ భారమవుతుంది. అందుకే బ్లేడ్ ఛాసిస్‌లలో, ర్యాక్ పైనుండే చిన్న స్విచ్‌లలో వేరే మోడ్ వాడతారు. సిస్కో దాన్ని ఎన్‌పీవీ అంటుంది, బ్రోకేడ్ యాక్సెస్ గేట్‌వే అంటుంది. ఈ మోడ్‌లో ఎడ్జ్ స్విచ్ కోర్ స్విచ్ కంటికి ఒక సర్వర్‌లాగానే కనిపిస్తుంది. కింది సర్వర్ పంపిన లాగిన్‌ను అందుకుని, ఏదో ఒక అప్‌లింక్ మీదుగా కోర్‌కి చేరవేస్తుంది. కోర్‌లో ఎన్‌పీఐవీ ఆన్ చేసి ఉంటే ఒకే పోర్టు మీద అలాంటి లాగిన్లు ఎన్నో తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో చిరునామా ఇస్తుంది.

ఆ చిరునామా కోర్‌లోని ఆ పోర్టుకి కట్టుబడినది. కాబట్టి సర్వర్ ఒకసారి ఏ అప్‌లింక్ మీదుగా లాగిన్ అయితే, లాగౌట్ అయ్యేదాకా దాని ట్రాఫిక్ మొత్తం అటే పోతుంది. మధ్యలో రూటింగ్ లేదు, స్విచ్‌ల మధ్య దారి వెతికే ఎఫ్‌ఎస్‌పీఎఫ్ వచ్చి దారి మార్చదు. సర్వర్‌లో మల్టీపాతింగ్ (స్టోరేజీకి ఉన్న దారుల్లోంచి ఎంచుకునే సాఫ్ట్‌వేర్) ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. మల్టీపాతింగ్ ఎంచుకునేది ఏ హెచ్‌బీఏ (సర్వర్‌లోని స్టోరేజీ కార్డు) నుంచి, స్టోరేజీలోని ఏ పోర్టుకి అన్నంతవరకే. ఆ హెచ్‌బీఏకి ఏ అప్‌లింక్ దక్కిందో దానికి తెలియదు, తెలిసినా మార్చలేదు. దారులను వంతులవారీగా వాడే రౌండ్ రాబిన్‌లో ఎన్ని ఐఓలకు (రీడ్, రైట్లకు) ఒకసారి దారి మార్చాలో ఎంత సవరించినా ఈ చిక్కు తీరదు.

లాగిన్ సమయంలో ఆటోమేటిక్‌గా పంచడం

డిఫాల్ట్‌గా దొరికేది ఇదే. సిస్కో ఎన్‌పీవీలో కొత్త సర్వర్ పోర్టు లేవగానే, ఆ వీశాన్‌లో (ఫ్యాబ్రిక్‌లోని వర్చువల్ విభాగంలో) ఏ అప్‌లింక్ మీద తక్కువ సర్వర్ పోర్టులున్నాయో చూసి అటు పంపుతుంది. బ్రోకేడ్‌లో మామూలుగా ఏ సర్వర్ పోర్టు ఏ అప్‌లింక్‌కి అన్న మ్యాపింగ్ ముందే రాసి ఉంటుంది. పోర్ట్ గ్రూపులు పెట్టి అందులో లాగిన్ బ్యాలెన్సింగ్ ఎంచుకుంటే, అదీ తక్కువ లాగిన్లున్న లింకుకే పంపుతుంది.

సెటప్ అంటూ ఏమీ ఉండదు, ఏ కంపెనీ కోర్ స్విచ్ ఉన్నా పనిచేస్తుంది. ఒకే రకం పని చేసే సర్వర్లు, అంటే ఒకే క్లస్టర్‌లోని వర్చువలైజేషన్ హోస్టులు లాంటివి ఉంటే ఫలితం కూడా బాగానే ఉంటుంది. తలల లెక్కా లోడు లెక్కా అక్కడ దాదాపు ఒకటే.

తేడా పనుల సర్వర్లు కలిస్తేనే తంటా. పై ఉదాహరణలో అన్నీ 16 గిగాబిట్ లింకులే అనుకోండి. ఒక్కో లింకు ఒక దిక్కున సెకనుకు దాదాపు 1,600 మెగాబైట్లు మోస్తుంది. బ్యాకప్ సర్వర్ ఒక్కటే తన హెచ్‌బీఏ నిండా లాగితే, దానితో లింకు పంచుకున్న మిగతా రెండు సర్వర్లకి మిగిలేది అరకొరే. వాటిలో ఒకటి డేటాబేస్ అయితే ఆ రాత్రి ఫోన్ మోగుతుంది. ఎవరు ఎవరితో జత పడతారన్నది సర్వర్లు ఏ వరసలో బూట్ అయ్యాయన్న దాని మీద ఆధారపడుతుంది. కరెంటు పోయి వచ్చాక జతలు మారిపోతాయి. నిన్నటిదాకా బాగున్న డేటాబేస్ ఇవాళ ఎందుకు నెమ్మదించిందో ఏ చేంజ్ రికార్డూ చెప్పదు.

రెండో లోపం ఇంకా నెమ్మదిగా కరుస్తుంది. ఒక అప్‌లింక్ పడిపోతే దాని మీదున్న సర్వర్లు మళ్లీ లాగిన్ అయి మిగతా లింకులకు సర్దుకుంటాయి. బాగుంది. పడిపోయిన లింకు తిరిగి లేస్తే? సిస్కోలో డిఫాల్ట్‌గా ఎవరూ వెనక్కి రారు. నేను పనిచేసిన ఒకచోట పాడైన ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో దూర్చే ఆప్టికల్ మాడ్యూల్) మార్చాం, పోర్టు లైటు పచ్చగా వెలిగింది, టికెట్ మూసేశాం. కొన్ని వారాల తర్వాత చూస్తే ఆ పోర్టు మీద ఒక్క లాగిన్ కూడా లేదు. 4 లింకులకు డబ్బు కట్టి 3 వాడుకుంటున్నాం. మానిటరింగ్‌లో ఎర్ర రంగు ఎక్కడా లేదు. లింకు బతికే ఉందిగా మరి!

బ్రోకేడ్‌లో దీనికి ఫెయిల్‌బ్యాక్ ఉంది. అసలు అప్‌లింక్ లేవగానే దాని సర్వర్లు తిరిగి అటే వెళ్తాయి. అయితే వెళ్లడం అంటే మరోసారి లాగౌట్, మరోసారి లాగిన్. లూజు కనెక్షన్‌తో పడుతూ లేస్తూ ఉండే లింకు ఒకటి తగిలిందంటే సర్వర్లు దానితోపాటు ఊయలూగుతాయి. కేబుల్ మీద అనుమానం ఉన్నన్నాళ్లు ఫెయిల్‌బ్యాక్ ఆపి ఉంచడమే మేలు.

చేత్తో కట్టేయడం

సిస్కోలో ట్రాఫిక్ మ్యాప్, సిస్కోవే అయిన యూసీఎస్ సర్వర్లలో శాన్ పిన్ గ్రూప్, బ్రోకేడ్‌లో పోర్ట్ మ్యాపింగ్, డివైస్ మ్యాపింగ్. పేరేదైనా పని ఒకటే: ఫలానా సర్వర్ ఫలానా అప్‌లింక్ మీదుగానే పోవాలని మనమే రాసిపెట్టడం. ఎవరు ఎంత తింటారో స్విచ్‌కి తెలియదు, మనకు తెలుసు. ఆ తెలివి వాడుకునే అవకాశం ఈ పద్ధతిలోనే ఉంది.

దీనికి ధర కూడా ఉంది. సిస్కో ట్రాఫిక్ మ్యాప్‌లో ఒక సర్వర్‌కి ఒకే అప్‌లింక్ రాసి, ఆ లింకు పోతే, పక్కన మూడు లింకులు ఖాళీగా ఉన్నా ఆ సర్వర్ పోర్టు వాటి వైపు వెళ్లదు. అప్‌లింక్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. సర్వర్‌ని మామూలుగా విడిగా ఉండే రెండో ఫ్యాబ్రిక్‌కి కూడా కలుపుతారు కాబట్టి సర్వర్ బతుకుతుంది, కానీ ఒంటికాలి మీద. అందుకే మ్యాప్ రాసేటప్పుడు కనీసం రెండు అప్‌లింకులు ఇవ్వాలి. బ్రోకేడ్‌లో ఇదే పనికి, మొదటి లింకు పోతే ఏ లింకుకి వెళ్లాలో కూడా పోర్టుకి ముందే చెప్పిపెట్టవచ్చు.

ఇంకో సంగతి. ఒక సర్వర్ పోర్టు వెనక ఎన్‌పీఐవీ వాడే వర్చువల్ మిషన్లు చాలా ఉంటే, పోర్టు ఆధారిత పద్ధతిలో అవన్నీ గంపగుత్తగా ఒకే అప్‌లింక్‌కి పోతాయి. వాటిని విడదీయాలంటే బ్రోకేడ్ డివైస్ మ్యాపింగ్‌లాగా డబ్ల్యూడబ్ల్యూఎన్‌ని (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యని) బట్టి పంచే సదుపాయం కావాలి. లాగిన్ల సంఖ్యకీ పరిమితి ఉంటుంది. బ్రోకేడ్‌లో ఒక పోర్టుకి ఎన్‌పీఐవీ లాగిన్ల డిఫాల్ట్ పరిమితి 126. అది సరిపోకపోతే పెంచాలి, లేదంటే కొత్త వీఎం ఎందుకు ఎక్కట్లేదో తెలియక జుట్టు పీక్కోవాలి.

12 సర్వర్లకూ మ్యాప్ రాయడం నాకు నచ్చదు. రాసిన రోజు అది అద్భుతంగా ఉంటుంది. ఆర్నెల్లకు రెండు సర్వర్లు మారి, ఒకటి వేరే స్లాట్‌కి వెళ్లి, మ్యాప్ మాత్రం పాతదే ఉంటుంది. భారీగా లాగే ఒకటి రెండింటికే రాసి, మిగతావాటిని ఆటోమేటిక్‌కి వదిలేయడం నడిపించగలిగే పద్ధతి. బ్యాకప్ సర్వర్‌ని ఒక లింకుకి కట్టేసినంత మాత్రాన మిగతావాళ్లు ఆ లింకు ఎక్కకుండా పోరు. ఆ వేరుపాటు నిజంగా కావాలంటే మిగతా సర్వర్లకీ ఆ లింకు తప్పించి మ్యాప్ ఇవ్వాలి, లేదా వేరే పోర్ట్ గ్రూపులో పెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఈ సగమే.

లింకు లేచినప్పుడల్లా బలవంతంగా సర్దించడం

సిస్కో ఎన్‌పీవీలో ఆటో లోడ్ బ్యాలెన్స్ డిస్రప్టివ్ అనే సెట్టింగ్ ఉంది. పేరులోనే హెచ్చరిక ఉంది. కొత్త అప్‌లింక్ లేవగానే కొన్ని సర్వర్ పోర్టులను కిందికి దింపి, మళ్లీ లాగిన్ చేయించి, లెక్క సమం చేస్తుంది. చోటు మారే పోర్టులనే కదుపుతుంది, మిగతావాటి జోలికి పోదు.

కదిలిన సర్వర్‌లో ఆ దారులు కాసేపు చస్తాయి. రెండో ఫ్యాబ్రిక్ బాగుండి, మల్టీపాతింగ్ సరిగ్గా ఉంటే అప్లికేషన్‌కి చిన్న కుదుపు. ఆ సర్వర్లలో ఒకదానికి రెండో ఫ్యాబ్రిక్ దారి ఎప్పుడో పోయి, ఎవరూ గమనించకపోతే? అప్పుడు అది కుదుపు కాదు, అవుటేజీ. ఏ సర్వర్లు కదులుతాయో, ఎప్పుడు కదులుతాయో మన చేతిలో ఉండదు. పైగా ఇంత చేసీ అది సమం చేసేది మళ్లీ ఆ తలల లెక్కే.

దీన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని నేను ఎవరికీ చెప్పను. మెయింటెనెన్స్ విండోలో, అన్ని సర్వర్ల రెండో దారీ చూసుకున్నాక, అవసరమైన సర్వర్ పోర్టులను మనమే ఒక్కొక్కటిగా ఆపి లేపితే అదే ఫలితం వస్తుంది. ఒకటి లేచి, దాని దారులన్నీ తిరిగి వచ్చాయని సర్వర్ దగ్గర చూసుకున్నాకే రెండోదాన్ని ముట్టుకోవాలి.

లింకులన్నిటినీ ఒకే కట్టగా కట్టడం

సిస్కో ఎఫ్ పోర్ట్ ఛానల్ అంటుంది, బ్రోకేడ్ ఎఫ్ పోర్ట్ ట్రంకింగ్ అంటుంది. నాలుగు అప్‌లింకులు కలిసి కోర్‌కి ఒకే పోర్టుగా కనిపిస్తాయి. సర్వర్ లాగిన్ ఆ కట్ట మీద జరుగుతుంది, అందులోని ఏ ఒక్క తీగ మీదో కాదు. కాబట్టి ఒక తీగ తెగినా లాగౌట్ ఉండదు, మిగతా మూడింటి మీద పని సాగుతుంది. తెగింది బాగుపడితే దానంతటదే మళ్లీ భారం పంచుకుంటుంది. పైన చెప్పిన ఎస్‌ఎఫ్‌పీ కథ ఇక్కడ జరగదు.

లోపల ఎలా పంచుతుందన్నది తేడా. సిస్కోలో వీశాన్ వారీగా ఎంచుకోవచ్చు. సోర్స్, డెస్టినేషన్ చిరునామాలు మాత్రమే చూసే పద్ధతిలో ఒక సర్వర్, ఒక స్టోరేజీ పోర్టు జంట ఎప్పుడూ ఒకే తీగ మీద పోతుంది. ఎక్స్‌ఛేంజ్ ఐడీ (ఒక్కో కమాండ్‌కి ఉండే గుర్తు) కూడా కలిపి చూసే పద్ధతిలో ఒక్కో రీడ్, ఒక్కో రైట్ కమాండ్ వేరే తీగ పట్టవచ్చు. ఒక కమాండ్‌కి చెందిన ఫ్రేములు మాత్రం ఒకే తీగ మీద వరసగా వెళ్తాయి. మామూలు డిస్క్ ట్రాఫిక్‌కి రెండోదే సరైనది. బ్రోకేడ్ ట్రంక్ ఇంకా సన్నగా కోస్తుంది, ఫ్రేముల స్థాయిలోనే పంచుతుంది. అందుకు బదులుగా అది అడిగేవి ఎక్కువ: ట్రంక్‌లోని పోర్టులన్నీ స్విచ్‌లో ఒకే పోర్ట్ గ్రూపులో (పైన మనం పెట్టుకున్నది కాదు, హార్డ్‌వేర్‌లోనే ఉండే పోర్టుల గుంపు) ఉండాలి, వేగం ఒకటే ఉండాలి, కేబుల్ పొడవులు దగ్గర దగ్గరగా ఉండాలి, మొత్తం 8కి మించకూడదు. సిస్కో ఎండీఎస్ స్విచ్‌లలో ఒక పోర్ట్ ఛానల్‌కి 16 వరకు ఇవ్వవచ్చు, వాటిని వేర్వేరు లైన్ కార్డుల మీద పరచవచ్చు.

పై ఉదాహరణకి తిరిగి వస్తే, కట్ట కట్టాక 12 సర్వర్లకి కలిపి 6,400 మెగాబైట్ల ఉమ్మడి చెరువు దొరుకుతుంది. బ్యాకప్ సర్వర్ తన హెచ్‌బీఏ మించి లాగలేదు కదా, అంటే నాలుగో వంతే. లింకులు పెంచలేదు, సర్వర్లు తగ్గించలేదు. ఆ పాత జతల గొడవ మాత్రం పోయింది.

మరి చిక్కులేంటి? మొదటిది, ఎడ్జ్, కోర్ రెండూ ఒకే కంపెనీవి అయి ఉండాలి. సిస్కో ఎడ్జ్ కింద పెట్టి బ్రోకేడ్ కోర్‌కి కలిపితే మామూలు ఎన్‌పీఐవీ లాగిన్లు నడుస్తాయి, కట్ట మాత్రం కుదరదు. రెండోది, కట్ట ఒకే కోర్ స్విచ్‌లోకి పోవాలి. బ్రోకేడ్ అయితే ఒకే పోర్ట్ గ్రూపులోకి, అంటే ఒకే కార్డులోకి. ఆ కార్డు పోతే కట్ట మొత్తం పోతుంది. భయమైతే రెండు కార్డుల మీద రెండు చిన్న ట్రంకులు వేయాలి. వేశాక ఏ సర్వర్ ఏ ట్రంక్‌కి అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది, లాగిన్ పంపకం పూర్తిగా తప్పదు. కాకపోతే నాలుగు సన్న గొట్టాలకు బదులు రెండు లావు గొట్టాల మధ్య పంచుతున్నాం కాబట్టి తేడా కొడితే దెబ్బ చిన్నది.

మూడోది అసలైన అభ్యంతరం. కట్ట కట్టి కూడా కొందరు విప్పేసేది దీనివల్లే. ఫైబర్ ఛానల్‌లో అవతలివాడు బఫర్ ఖాళీ ఉందని క్రెడిట్ ఇస్తేనే ఫ్రేము పంపాలి. ఒక సర్వర్ మందకొడిగా ఫ్రేములు తీసుకుంటుంటే ఎడ్జ్ స్విచ్ బఫర్లు నిండుతాయి, అప్‌లింక్ మీద కోర్‌కి క్రెడిట్లు ఆలస్యమవుతాయి, ఆ అప్‌లింక్ వాడే ప్రతి సర్వరూ దాని వెనక క్యూలో నిలబడుతుంది. విడివిడి లింకులైతే ఆ జబ్బు ఒక లింకుకే పరిమితం. కమాండ్ల వారీగా పంచే కట్టలో ఆ సర్వర్ ఫ్రేములు నాలుగు తీగల మీదా ఉంటాయి కాబట్టి నాలుగూ ఇరుక్కుంటాయి. మంచీ ఉమ్మడే, చెడూ ఉమ్మడే. పాత 8 గిగాబిట్ హెచ్‌బీఏలున్న సర్వర్లు కొత్త 32 గిగాబిట్ స్టోరేజీ నుంచి పెద్ద పెద్ద రీడ్లు అడిగే చోట ఇది బాగా కనిపిస్తుంది. హెచ్‌బీఏకి జబ్బేమీ లేకపోయినా, తాను మింగగలిగే దానికన్నా ఎక్కువ అడిగి దారి మూసేస్తుంది. అలాంటి పాత సర్వర్లు తప్పవంటే ఒక లింకు విడిగా ఉంచి వాటిని దానికి కట్టేసి, మిగతా మూడింటినీ కట్ట కట్టండి. కొత్త స్విచ్‌లలో ఇలాంటి సర్వర్లను పసిగట్టి పక్కకు నెట్టే సదుపాయాలున్నాయి, అవి ఉంటే ముందు వాటిని ఆన్ చేయండి.

ఐస్కజీ, ఎన్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకు

ఈ రెండూ స్టోరేజీని ఈథర్నెట్ మీద అందిస్తాయి, అక్కడ ఇదే ప్రశ్న కొంచెం వేషం మార్చుకుని వస్తుంది. ఈథర్నెట్ లింకులను కలిపే ఎల్‌ఏసీపీతో కట్ట కట్టినా అది పంచేది ఫ్లోలను. ఒక టీసీపీ కనెక్షన్ ఎప్పుడూ ఒకే తీగ మీద పోతుంది, కాబట్టి ఫైబర్ ఛానల్ కట్టలోలాగా ఒకే సెషన్ నాలుగు తీగలూ వాడుకుంటుందని ఆశపడకూడదు. ఐస్కజీకి సర్వర్ వైపు ఎల్‌ఏసీపీ కన్నా ఒక్కో పోర్టుకి ఒక్కో ఐపీ ఇచ్చి మల్టీపాతింగ్‌కి వదిలేయడం మంచిది. లింకు వారీగా సెషన్ ఉంటే ఐఓ పంచేది మల్టీపాతింగే, దానికి దారి పరిస్థితి తెలుస్తుంది. స్విచ్‌ల మధ్య అప్‌లింకులకు మాత్రం ఎల్‌ఏసీపీ కావాల్సిందే. అక్కడ ఏ ఫ్లో ఏ తీగకో తేల్చే లెక్కలో, అంటే హాష్‌లో, ఐపీతోపాటు పోర్ట్ నంబర్లు కూడా చేర్చండి, లేకపోతే ఒకే రెండు ఐపీల మధ్య ఉన్న సెషన్లన్నీ ఒకే గుమ్మంలో దూరతాయి.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మామూలుగా ఒక మౌంట్‌కి ఒక టీసీపీ కనెక్షనే. లినక్స్ కెర్నల్ 5.3 నుంచి ఎన్‌కనెక్ట్ అనే మౌంట్ ఆప్షన్‌తో వాటిని 16 దాకా పెంచవచ్చు. పోర్ట్ నంబర్లు చూసే హాష్‌తో కలిస్తే అది బాగా పనిచేస్తుంది. ఒక్కటే ఉంటే ఉపయోగం సగమే.

మరి మీకేది?

ఎడ్జ్, కోర్ ఒకే కంపెనీవి, హెచ్‌బీఏలు దాదాపు ఒకే తరానివి అయితే ఆలోచించక్కర్లేదు, కట్ట కట్టేయండి. నడుస్తున్న విడి లింకులను కట్టగా మార్చడం కూడా సర్వర్లకు లాగౌటే, కాబట్టి ఒక ఫ్యాబ్రిక్ పూర్తిచేసి, రెండు మూడు రోజులు చూసి, తర్వాత రెండోది ముట్టుకోండి. కంపెనీలు వేరైతే ఆటోమేటిక్ లాగిన్ పంపకం, దానిపైన ఒకరిద్దరు భారీ సర్వర్లకు మాత్రం మ్యాప్. మీ దగ్గర ఉన్నవన్నీ ఒకే తరహా హోస్టులై, లింకులు ఎప్పుడూ సగం కూడా నిండకపోతే డిఫాల్ట్‌ని కదపకండి. పని చేస్తున్నదాన్ని అందంగా చేయబోయి పెనం మీంచి పొయ్యిలో పడ్డవాళ్లని చూశాను.

ఏది ఎంచుకునే ముందైనా కొలత తీసుకోండి, సరైన వైపు నుంచి తీసుకోండి. స్టోరేజీ ట్రాఫిక్‌లో రీడ్లే ఎక్కువగా ఉండే చోట భారం కోర్ నుంచి ఎడ్జ్‌కి దిగుతుంది. ఎడ్జ్ స్విచ్‌లో అప్‌లింక్ పంపిన లెక్క చూసి ఖాళీగా ఉందనుకుంటే పొరపాటే. కోర్ స్విచ్‌లో ఆ పోర్టు పంపిన లెక్క చూడాలి. దానితోపాటు క్రెడిట్ లేక ఆగిన సమయం కూడా చూడాలి. సిస్కోలో టిఎక్స్‌వెయిట్, బ్రోకేడ్‌లో టైమ్ టిఎక్స్ క్రెడిట్ జీరో కౌంటర్లు దీన్ని 2.5 మైక్రోసెకన్ల ముక్కల్లో లెక్కపెడతాయి. పోర్టు 40 శాతమే నిండి ఈ కౌంటర్ పరిగెడుతుంటే మీది పంపకం సమస్య కాదు, కింద ఎవరో మందకొడిగా తీసుకుంటున్నారు. లింకులు ఎన్ని కలిపినా ఆ సర్వర్ దొరికేదాకా తీరదు.

మార్పు చేశాక పరీక్ష కోసం ఒక అప్‌లింక్ కేబుల్ లాగి చూడండి, ఇది అందరూ చేస్తారు. తిరిగి పెట్టాక ఒక పది నిమిషాలాగి లాగిన్ పట్టిక మళ్లీ తెరవండి. ఆ పోర్టు ఎదురుగా ఎన్ని లాగిన్లున్నాయో ఆ అంకెకే అలారం పెట్టుకోండి, సున్నా అయితే మోగేలా.